ఆయన రిపోర్టు ఎక్కడ?

1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లాథ్రాప్ పట్టణంలోని ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ. అక్కడ ఒకే విభాగంలో పనిచేసే మగవాళ్ల మాటల్లో ఒక సంగతి పదేపదే దొర్లుతోంది. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదు. ఒకరిద్దరికైతే ఎవరి రాత వారిదని సరిపెట్టుకునేవారే. ఇంతమందికి ఒకేసారి ఎలా జరుగుతుంది? వాళ్లు ఊరికే అనుమానపడి ఊరుకోలేదు. వీర్యపరీక్షకు నమూనాలు ఇచ్చారు.

ఫలితాలు చూసి డాక్టర్లు నివ్వెరపోయారు. కొందరి వీర్యంలో కణాలు అసలే లేవు. మరికొందరిలో అతి తక్కువ ఉన్నాయి. డాక్టర్ డొనాల్డ్ వోర్టన్ బృందం మిగతా కార్మికులను కూడా పరీక్షించి, ఎవరు ఎంతకాలంగా అక్కడ పనిచేస్తున్నారో లెక్క తీసింది. మిల్లీలీటరుకు పది లక్షల లోపు కణాలున్నవాళ్లంతా కనీసం మూడేళ్లుగా అక్కడ పనిచేస్తున్నవారు. నాలుగు కోట్లకు పైగా ఉన్నవాళ్లు చేరి మూడు నెలలు దాటనివారు. పంట నేలల్లోని నులిపురుగులను చంపడానికి వాడే డీబీసీపీ అనే రసాయనం ఇందుకు కారణమని తేలింది. అది ఎలుకల వృషణాలను కుంచింపజేస్తుందని 1961లోనే ప్రయోగాల్లో బయటపడినా, ఆ రసాయనంతో పనిచేసే మనుషులకు ఎవరూ పరీక్ష చేసి చూడలేదు.

ఈ కథలో గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఆ కార్మికులందరూ చూడడానికి ఆరోగ్యవంతులే. దాంపత్య జీవితంలో లోటేమీ లేదు. గడ్డాలు, కండలు, గొంతు, బలం అన్నీ మామూలే. ఒంట్లో ఎంత పెద్ద మార్పు వచ్చిందో వాళ్లకు ఏ లక్షణమూ చెప్పలేదు. మైక్రోస్కోప్ చెప్పింది.

మన ఇళ్లలో ఎక్కువమంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. మగతనం వేరు, సంతానం కలిగించే శక్తి వేరు. వృషణాల్లో ఈ రెండు పనులూ చేసే కణాలు కూడా వేరు. టెస్టోస్టిరాన్ హార్మోన్‌ను లైడిగ్ కణాలు తయారుచేస్తాయి. వీర్యకణాలు మాత్రం సన్నటి నాళికల్లో, సెర్టోలి కణాల సంరక్షణలో పెరుగుతాయి. మొదటి పని చక్కగా సాగుతూ రెండోది పూర్తిగా ఆగిపోవచ్చు. పైగా వీర్యంలో కణాల వాటా చాలా స్వల్పం. ఆ ద్రవంలో అధికభాగం శుక్రకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చేదే. అందుకే ఒక్క కణం కూడా లేని వీర్యం కంటికి మామూలుగానే కనిపిస్తుంది. “నాకేం, నేను బాగానే ఉన్నాను” అనే భర్త అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు తెలిసే మార్గం లేదంతే.

సంతానలేమి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తాకుతుందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. అలాంటి దంపతుల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుంది. అయినా ‘గొడ్రాలు’ అన్న మాట ఆడదానికే అంటగట్టాం. ఆ మాట మొగుణ్ణి ఎవరూ అనరు. ఆ అలవాటే ఆస్పత్రి దాకా వస్తుంది. గర్భసంచి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గర్భనాళాల ఎక్స్‌రే, మత్తు ఇచ్చి చేసే లాపరోస్కోపీ, వీటన్నిటితో భార్య ఫైలు లావెక్కుతుంది. భర్త ఫైలులో మాత్రం ఒక్క కాగితం ఉండదు. సూది అక్కర్లేని, కోత అక్కర్లేని, తక్కువ ఖర్చుతో అయిపోయే పరీక్ష ఆయనదే.

మూడున్నర శతాబ్దాల పరీక్ష

వీర్యకణాలను మొదట చూసినవారు హాలండ్ దేశస్థులు. 1677లో యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒక నమూనాతో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ దగ్గరికి వచ్చాడు. లీవెన్‌హుక్ బట్టల వ్యాపారి. సొంతంగా అరగదీసుకున్న కటకాలతో కంటికి కనిపించని జీవులను చూడడం ఆయన వ్యసనం. తోకలతో ఈదుతున్న ఆ చిన్న జీవుల గురించి ఆయన లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

చూడడం ఒకటి, లెక్కపెట్టి అర్థం చెప్పడం మరొకటి. ఆ రెండోదానికి ఇరవయ్యో శతాబ్దం రావలసివచ్చింది. 1951లో అమెరికా శాస్త్రవేత్తలు జాన్ మెక్లౌడ్, రూత్ గోల్డ్ వెయ్యిమంది తండ్రుల వీర్యాన్ని, పిల్లలు లేని వెయ్యి జంటల్లోని మగవారి వీర్యంతో పోల్చారు. మిల్లీలీటరుకు రెండు కోట్ల కన్నా తక్కువ కణాలున్నవారు రెండో గుంపులో 16 శాతం ఉంటే, తండ్రులైనవారిలోనూ 5 శాతం కనిపించారు. అంటే కౌంట్ తక్కువున్నా తండ్రులైనవారున్నారు, కౌంట్ బాగున్నా కానివారున్నారు. ఒక్క అంకెను గీతగా గీసి ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు అని విడదీయడం కుదరదని అప్పుడే తేలిపోయింది.

1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ల్యాబులన్నీ ఒకే పద్ధతి పాటించేలా ఒక మాన్యువల్ తెచ్చింది. దాని ఆరో ముద్రణ 2021లో వచ్చింది. నేడు రిపోర్టుల్లో కనిపించే అంకెలకు అదే ఆధారం.

నమూనా ఇచ్చేముందు

పరీక్ష తేలికే. జాగ్రత్తలు పాటించకపోతే తప్పుడు ఫలితం రావడం అంతకన్నా తేలిక. నమూనా ఇవ్వడానికి ముందు కనీసం రెండు రోజులు, మించితే ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. నెలరోజులు ఆగితే కౌంట్ పెరుగుతుందని కొందరు అనుకుంటారు. అలా నిల్వ ఉంటే ముసలి కణాలు, చచ్చిన కణాలు పెరిగి కదలిక తగ్గుతుంది.

నమూనాను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలోనే సేకరించాలి. మామూలు కండోములు పనికిరావు. వాటిలోని రసాయనాలు కణాలను చంపేస్తాయి. సబ్బు, నూనె, జెల్లీ లాంటివి కూడా వాడకూడదు. మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువ కాబట్టి అవి కింద పడిపోతే ఆ సంగతి దాచకుండా ల్యాబ్‌లో చెప్పాలి. ఆస్పత్రి గదిలో వీలుకాక ఇంట్లో తీసుకుంటే, డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఇబ్బందిగా ఉందని ముందే చెప్పుకుంటే మంచి ల్యాబ్ తగిన ఏర్పాటు చేస్తుంది. సిగ్గుపడవలసిన పని కాదిది.

వీర్యం మొదట జిగురుగా గడ్డకట్టి, అరగంటలో కరిగి పల్చబడుతుంది. ఆ తర్వాతే టెక్నీషియన్ పని మొదలవుతుంది. పరిమాణం, చిక్కదనం, ఆమ్లగుణం చూస్తారు. గళ్లు గీసిన గాజుపలక మీద కణాలను లెక్కిస్తారు. కదలిక కోసం కనీసం రెండువందల కణాలను ఒకటికి రెండుసార్లు చూడాలని మాన్యువల్ చెబుతుంది. ఓపిగ్గా చేయవలసిన పని ఇది. అందుకే సంతాన సమస్యల పరీక్షల్లో అనుభవమున్న ల్యాబ్‌నే ఎంచుకోవాలి.

అంకెలు చదవడమెలా?

2021 మాన్యువల్ ప్రకారం వీర్యం పరిమాణానికి దిగువ హద్దు 1.4 మిల్లీలీటర్లు. కణాల సాంద్రతకు మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అంటే కోటీ అరవై లక్షలు. మొత్తం కణాలకు 39 మిలియన్లు. కదిలే కణాలు 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, చక్కని ఆకారం ఉన్నవి 4 శాతం.

చివరి అంకె చూసి చాలామంది బెంబేలెత్తుతారు. “నూటికి ఆరే మంచివట!” అని ఇంటికొచ్చి కుమిలిపోయేవారున్నారు. నిజానికి మనిషి వీర్యంలో నూటికి తొంభైకి పైగా కణాలు వంకర తలలతో, మెలికపడ్డ తోకలతో ఉండడం మామూలు విషయం. ఆరు శాతం అంటే హద్దు దాటినట్టే.

ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం భయం పోతుంది. భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన సుమారు మూడున్నర వేలమంది మగవారి ఫలితాలను, ఐదు ఖండాల నుంచి సేకరించి వరుసగా పేర్చారు. అట్టడుగు 5 శాతం ఎక్కడ ముగిసిందో అక్కడ గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లు కూడా తండ్రులైనవాళ్లే! పరీక్షలో పాస్ మార్కుల్లాంటివి కావవి. గీత కింద పడితే గర్భం రావడం ఆలస్యమయ్యే అవకాశం పెరుగుతుంది. గీత పైన ఉంటే గ్యారంటీ అనీ అర్థం కాదు.

ఒక్క రిపోర్టుతో తీర్పు ఇవ్వకూడదనడానికి మరో బలమైన కారణం ఉంది. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. తర్వాత అది ఎపిడిడిమిస్ అనే పొడవాటి మెలికల గొట్టంలో మరికొన్ని రోజులు ప్రయాణించి ఈత నేర్చుకుంటుంది. ఇవాళ్టి నమూనా దాదాపు మూడు నెలల కిందటి ఆరోగ్యాన్ని చూపిస్తుందన్నమాట. అప్పట్లో డెంగీ వచ్చి వారం రోజులు జ్వరంలో మాడిపోయిన మనిషి రిపోర్టు ఇప్పుడు ఘోరంగా ఉండవచ్చు. వృషణాలు ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. అందుకే ఫలితం బాగోలేకపోతే కొంత వ్యవధితో ఇంకోసారి పరీక్షించాలి. జ్వరం వచ్చిన సంగతి గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి.

చేతితో చేసే పరీక్ష

రెండో రిపోర్టు కూడా తేడాగా ఉంటే యూరాలజిస్టునో, ఆండ్రాలజిస్టునో కలవాలి. అక్కడ ముందు ప్రశ్నలుంటాయి. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగలేదా? హెర్నియా ఆపరేషన్ జరిగిందా? యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచాయా? క్యాన్సర్‌కు మందులు వాడారా? కొలిమి దగ్గరో, రసాయనాల మధ్యో పని చేస్తారా? జిమ్‌లో ఇంజెక్షన్లు తీసుకున్నారా?

ఈ చివరి ప్రశ్నకు నిజం చెప్పడం చాలా ముఖ్యం. కండల కోసం బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే మెదడులోని పిట్యూటరీ గ్రంథి “ఇక చాలు” అనుకుని వృషణాలకు సంకేతాలు పంపడం మానేస్తుంది. కణాల ఉత్పత్తి ఆగిపోతుంది. కౌంట్ తక్కువగా ఉందని టెస్టోస్టిరాన్ వాడడం కూడా అంతే ప్రమాదం. ఇంజెక్షన్లు మానేస్తే చాలామందికి ఉత్పత్తి తిరిగి మొదలవుతుంది కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

తర్వాత డాక్టరు చేతితో చూస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ 1966లో ప్రవేశపెట్టిన సాధనం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక దారానికి గుచ్చిన పన్నెండు పూసలు, ఒక మిల్లీలీటరు నుంచి 25 మిల్లీలీటర్ల సైజు వరకు ఉంటాయి. వృషణాన్ని తాకి, ఏ పూసతో సరిపోతుందో చూస్తారు. వృషణం మరీ చిన్నదైతే ఉత్పత్తిలోనే లోపం ఉందేమోనని అనుమానించాలి.

నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమంటే కొందరిలో వృషణం పైన ఉబ్బి మెలికలు తిరిగిన రక్తనాళాలు చేతికి తగులుతాయి. ఇది వెరికోసిల్. మగవారందరిలో సుమారు 15 శాతం మందికి ఉంటుంది. సంతానం లేక పరీక్షకు వచ్చే మగవారిలో మూడో వంతుకు పైగా కనిపిస్తుంది. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. ఆ వైపు సిర కిడ్నీ సిరలో నిలువుగా వెళ్లి కలుస్తుంది కాబట్టి రక్తం తేలిగ్గా వెనక్కి నిలుస్తుంది. చేతికి తగిలేంత ఉండి, వీర్యపరీక్ష కూడా తేడాగా ఉంటే ఆపరేషన్ ఆలోచించవచ్చు. కేవలం స్కానింగ్‌లో చిన్నగా కనిపించినదానికి కోత అవసరం లేదు.

రెండు రకాల సున్నా

రిపోర్టులో ‘అజూస్పెర్మియా’ అని ఉంటే కణాలు లేవని అర్థం. మొత్తం మగవారిలో దాదాపు నూటికి ఒకరిది ఈ పరిస్థితి. నమూనాను గిర్రున తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని కూడా వెతికాకే ఆ మాట రాయాలి. ఆ తర్వాతి ప్రశ్న ఒక్కటే. ఫ్యాక్టరీ మూతపడిందా, రోడ్డు మూసుకుపోయిందా?

ఇది తేల్చడానికి రక్తపరీక్ష సాయం చేస్తుంది. వృషణాలను నడిపించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ బాగా ఎక్కువగా ఉండి, వృషణాలు చిన్నగా ఉంటే ఉత్పత్తిలో లోపం. పిట్యూటరీ ఎంత గట్టిగా పిలిచినా పలికేవారు లేరన్నమాట. ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా, వృషణాలు మంచి సైజులో ఉంటే దారిలో అడ్డు ఉండవచ్చు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్, టెస్టోస్టిరాన్ మూడూ తక్కువగా ఉంటే లోపం పైన మెదడులో ఉంది. వీరిలో కొందరికి పుట్టుకతోనే వాసన తెలియదు. హార్మోన్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇస్తే వీరిలో చాలామందికి కణాలు పుడతాయి. మగవారి సంతానలేమిలో మందులతో ఇంత చక్కగా లొంగే సమస్య మరొకటి అరుదు.

అడ్డు ఎక్కడుందో కూడా వీర్యమే చెబుతుంది. పరిమాణం బాగా తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ, ఫ్రక్టోజ్ చక్కెర లేదు అంటే శుక్రకోశాల నుంచి ద్రవం రావడం లేదు. కొందరిలో పుట్టుకతోనే రెండు శుక్రవాహికలూ ఉండవు. డాక్టరు వేళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. ఇలాంటివారిలో చాలామందికి సీఎఫ్‌టీఆర్ జన్యువులో లోపం ఉంటుంది. భార్యలోనూ అదే ఉంటే బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. అందుకే చికిత్సకు ముందు ఇద్దరికీ జన్యుపరీక్ష చేయాలి. చక్కెర జబ్బు ముదిరినవారిలో, ప్రోస్టేట్ మందులు వాడేవారిలో వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి వెనక్కి పోవచ్చు. స్ఖలనం తర్వాత మూత్రం పరీక్షిస్తే అది బయటపడుతుంది.

ఉత్పత్తిలోనే లోపం ఉన్నప్పుడు క్రోమోజోములు చూడాలి. అమెరికా వైద్యుడు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ 1942లో వర్ణించిన స్థితికి కారణం ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండడమని 1959లో ఎడిన్‌బరోలో పట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ కనిపెట్టారు. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. పెళ్లయి, పిల్లలు కలగక పరీక్షకు వచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

ఇంకొందరిలో వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకుండా పోతుంది. ఇటలీకి చెందిన టియెపోలో, జుఫార్డీ 1976లో ఈ సంగతి గుర్తించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కుమారస్వామి తంగరాజ్ బృందం 340 మంది అజూస్పెర్మియా ఉన్న భారతీయుల డీఎన్‌ఏను పరిశీలించి, వారిలో 8.5 శాతం మందికి ఈ ముక్కలు లేవని 2003లో ప్రకటించింది. ఏ ముక్క పోయిందన్నది చికిత్సను నిర్ణయిస్తుంది. ‘ఏ’ లేదా ‘బీ’ అని పిలిచే భాగం పూర్తిగా పోతే వృషణం నుంచి కణాలు దొరికే ఆశ దాదాపు లేదు. ఆపరేషన్ చేసి వెతకడం వృథా ప్రయాస. ‘సీ’ భాగం మాత్రమే పోతే చాలామందిలో కణాలు దొరుకుతాయి. అయితే పుట్టే కొడుక్కి అదే లోపం సంక్రమిస్తుంది. ఒక్క రక్తపరీక్షతో కుటుంబం ఒక ఆపరేషన్ ఖర్చును, ఒక నిరాశను తప్పించుకోగలదు.

అదే సీసీఎంబీ ఇటీవల టెక్స్13బీ అనే మరో జన్యువును పట్టుకుంది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఈ లోపం కూడా తల్లి ద్వారా వస్తుంది. ఇందులో తల్లి తప్పు లేదు, కొడుకు తప్పు లేదు, కోడలికి అసలు సంబంధమే లేదు.

కదలని కణాల రహస్యం

కొన్నిసార్లు కణాలు కావలసినన్ని ఉంటాయి, ఒక్కటీ కదలదు. అవి చచ్చాయా, బతికి ఉండి ఈదలేకపోతున్నాయా? ఇయోసిన్ అనే ఎర్రరంగు వేస్తే తెలుస్తుంది. చచ్చిన కణం రంగు పీల్చుకుంటుంది, బతికున్నది తెల్లగా మిగులుతుంది. స్టాక్‌హోమ్‌లో బ్యోర్న్ అఫ్‌జేలియస్ ఇలాంటి మగవారి కణాల తోకలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాడు. తోకను ఆడించే సూక్ష్మమైన చేతులు వాటిలో లేవు. వాళ్లకు చిన్నప్పటి నుంచి దగ్గు, సైనస్ బాధలు ఉన్నాయి. కొందరికి గుండె కుడివైపు ఉంది. ముక్కులో, ఊపిరితిత్తుల్లో కఫాన్ని తోసే నూగుకూ అదే నిర్మాణం కావడమే కారణమని 1976లో ఆయన వివరించాడు. ఎన్నో ఏళ్ల దగ్గుకు కారణం వీర్యపరీక్షలో దొరికిందంటే, ఈ పరీక్ష పరిధి ఎంత పెద్దదో తెలుస్తుంది.

కణాల డీఎన్‌ఏ ఎంత చిట్లిందో చెప్పే పరీక్షలూ ఇప్పుడున్నాయి. పదేపదే గర్భస్రావం అవుతున్నవారికి అవి ఉపయోగపడవచ్చు. మొదటిసారి వచ్చిన ప్రతి జంటకూ అవి అవసరం లేదు.

కణాలు కొద్దిగా దొరికినా ఇవాళ దారి ఉంది. 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతితో పుట్టిన పిల్లల వివరాలు ప్రకటించారు. ఆ పద్ధతి వచ్చాక కొన్నిచోట్ల మగవారి లోపమేమిటో వెతకడమే మానేసి నేరుగా ఇక్సీకి పంపడం మొదలైంది. ఇది సరికాదు. వెరికోసిల్, హార్మోన్ లోపం, జిమ్ ఇంజెక్షన్లు లాంటివి సరిచేస్తే సహజంగానే గర్భం రావచ్చు. పైగా వృషణంలో గడ్డలు, హార్మోన్ జబ్బులు ఈ పరీక్షల్లోనే తొలిసారి బయటపడిన సందర్భాలున్నాయి.

ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, దంపతులిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. భర్తకు చిన్నప్పుడు వృషణం దిగని సమస్య ఉన్నా, క్యాన్సర్ చికిత్స జరిగినా అంతకాలం కూడా ఆగనవసరం లేదు. భార్యకు మత్తు ఇచ్చి చేసే ఏ పరీక్షకైనా సంతకం పెట్టేముందు భర్త వీర్యపరీక్ష రిపోర్టు బల్లమీద ఉండాలి. డాక్టరు అడగకపోతే మీరే అడగండి.